బోలు గ్రహంలో బరువు

నిజామాబాదు నుండి బోధనుకు పోయే దారిలో ఎడపల్లి ఉంది. చెరకు సాగుకు పేరొందిన ఆ నేలలో ఏ బావి గట్టున నిలిచి చేద వదిలినా, తాడు భూకేంద్రం వైపు నిటారుగా బిగుసుకొంటుంది. ఆ బావిని తవ్వుకొంటూ పోగా అడుగున భూమి బోలుగా ఉన్నదనుకొంటే, చేద ఏమవుతుంది?

భూమి అడుగున లోకాలున్నాయన్న ఊహ తెలుగువారికి కొత్త కాదు. పోతన భాగవతంలో బలిచక్రవర్తి సుతలానికి చేరాడు. పాశ్చాత్యులలో ఎడ్మండ్ హాలీ 1692లో భూమి ఒకదానిలో ఒకటి ఇమిడిన పెంకుల వంటిదని ప్రతిపాదించాడు. అటువంటి లోకవాసులు పెంకు లోపలి తలాన్ని ఆనుకొని, తలలు కేంద్రం వైపు ఉంచి నడుస్తారని ఎవరికైనా తోస్తుంది.

అది పొరపాటు. అంతటా ఒకే మందం, ఒకే సాంద్రత గల గోళాకారపు పెంకు తన లోపలి వస్తువును ఏ వైపునకూ లాగదని న్యూటన్ 1687 నాటి 'ప్రిన్సిపియా'లో నిరూపించాడు. ఒక గోడకు చేరువగా ఉన్న మనిషి నుండి ఇరువైపులకూ ఒకే కోణంతో సన్నని శంకువులు గీసినట్లు భావించాలి. దగ్గరి గోడ గట్టిగా లాగుతుంది, కాని శంకువులో ఇమిడే దాని భాగం చిన్నది. ఎదుటి గోడ రెట్టింపు దూరాన ఉంటే ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇమిడే భాగం మాత్రం నాలుగింతలవుతుంది. లెక్క సరికి సరి. ఆ మనిషి ఎక్కడ ఉంచితే అక్కడే తేలుతూ ఉంటాడు. బలి కొలువును మాత్రం ఈ త్రాసులో తూచరాదు; పురాణలోకాల లెక్క వేరు.

చేద పెంకులోకి దిగేకొద్దీ, దానికి పైన మిగిలిన పొరల ఆకర్షణ లెక్కలోకి రాదు. క్రింది పొరలే లాగుతాయి. బరువు క్రమంగా తగ్గి లోపలి అంచు వద్ద సున్న అవుతుంది. తాడు తెగితే చేద అప్పటికి పొందిన వేగంతోనే బోలును దాటి ఎదుటి గోడను తాకుతుంది. గ్రహం తన చుట్టూ తాను తిరుగుతున్నట్లయితే, గోడతో పాటు తిరిగే వారికి స్వల్పమైన ఒత్తిడి తెలియవచ్చు. అది ఆకర్షణ కాదు.

అసలు భూమి బోలు కాదు. 1798లో కావెండిష్ చేసిన ప్రయోగం వలన భూమి సగటు సాంద్రత నీటికి సుమారు అయిదున్నర రెట్లని తేలింది. పైనున్న రాళ్ల సాంద్రత దానిలో సగమే. అంటే బరువైన పదార్థమంతా లోపలే ఉంది. 1854లో ఇంగ్లండులోని హార్టన్ బొగ్గు గనిలో జార్జి ఎయిరీ లోలకాలను పరిశీలించగా, పైన కంటే గని అడుగున అవి వేగంగా ఊగాయి. కనుక ఎడపల్లి బావిలో పది మీటర్లు దిగిన చేద బరువు తగ్గదు. సుమారు పది లక్షలలో ఒక వంతు పెరుగుతుంది. చేదే చేతికి ఆ తేడా తెలియదు, సున్నితమైన గురుత్వమాపకానికి తెలుస్తుంది.