కదిలే కన్నుకో కొలత

పోయిన చూపు ఎలాగూ తిరిగి రాదు. ఆ చోట పెట్టిన కృత్రిమ కన్ను పక్క కన్నుతో కలిసి కదిలితే చాలు... ఎదుటివాళ్లకు తేడా అంతగా తెలియదు. మరి అది ఎంత కదులుతోందో తెలిసేదెలా? ఆ లెక్క కెమెరా చెబుతుంది!

గోదావరిఖని, రామగుండం వాసులకు కంటి విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. సమ్మెట దెబ్బకు ఎగిరే బొగ్గుపెళ్ల, వర్క్‌షాపులో గ్రైండింగ్ చక్రం నుంచి దూసుకొచ్చే ఇనుప రజను... రెప్పపాటులో జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. గాయం మరీ లోతైతే గుడ్డునే తీసేయాల్సి వస్తుంది. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే, సంపాదించే శక్తిలో 40 శాతం పోయినట్టు 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం లెక్కకట్టేది. నలుగురిలో తలెత్తి మాట్లాడలేని బాధకు మాత్రం ఏ చట్టంలోనూ శాతాల్లేవు.

ఆ బాధను తగ్గించేదే కృత్రిమ కన్ను. దాంతో చూపు రాదు, ముఖానికి మునుపటి రూపు వస్తుంది.

గాజు కాదు... ప్లాస్టిక్!

మనం 'గాజు కన్ను' అంటాం గానీ, ఇప్పుడు పెట్టే వాటిలో చాలావరకు గాజు ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జర్మనీ నుంచి గాజు కళ్లు రావడం ఆగిపోవడంతో అమెరికాలో ప్లాస్టిక్ వైపు మళ్లారు. కట్టుడు పళ్ల చిగుళ్లకు వాడే యాక్రిలిక్కే దీనికీ ఆధారం. కంటి గుంత అచ్చు తీసి, బాగున్న కన్నును చూస్తూ నల్లగుడ్డుకు రంగులద్ది, సన్నని ఎర్ర దారాలతో రక్తనాళాలు కూడా దిద్దుతారు. ఈ పని చేసేవారిని ఆక్యులరిస్టులంటారు.

ఎంత అందంగా చేసినా ఒక చిక్కుంది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే ఒక కన్ను అటు తిరిగి, రెండోది ఉన్నచోటే నిలిచిపోతే... గుట్టు రట్టయినట్టే!

కన్నును తిప్పే కండరాలు ఆరు. గుడ్డు తీసేసినా అవి లోపలే ఉంటాయి. ఖాళీ అయిన చోట చిన్న బంతిలాంటి ఇంప్లాంట్ పెట్టి, ముఖ్యమైన నాలుగు కండరాలను కుట్టి, పైన పొర కప్పుతారు. కొన్ని వారాలకు గాయం మానాక దానిమీద చిప్పలాంటి కృత్రిమ కన్ను తొడుగుతారు. కండరం లాగితే బంతి, బంతితో పాటు పై చిప్ప కదలాలి. కానీ బంతి కదిలినంతగా చిప్ప కదలదు. అందుకే రెండింటినీ విడివిడిగా కొలవాలి.

మిల్లీమీటర్లలో తేల్చారు

'బాగానే కదులుతోంది' అనేది డాక్టర్ మాటే అయినా కొలత కాదు. స్కేలు పట్టి చూసినా తల కాస్త కదిలితే లెక్క తప్పుతుంది. డిజిటల్ పద్ధతిలో గడ్డాన్ని ఒక ఆసరాపై ఆనించి, తల కదలకుండా చూస్తారు. ఎదురుగా, కుడికి, ఎడమకు, పైకి, కిందికి చూడమంటూ ఫొటోలు, వీడియో తీస్తారు. కంప్యూటర్లో నల్లగుడ్డు అంచు ఎక్కణ్నుంచి ఎక్కడికి జరిగిందో చుక్కలు పెట్టి, మిల్లీమీటర్లలోకి మారుస్తారు. ఇలాంటి కొలతలకు ఇమేజ్-జె లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.

ఈ కొలతలతో ఒరిగేదేమిటి అంటారా? రామగుండంలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగితే జవాబు దొరుకుతుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దేబ్రాజ్ షోమ్, సంతోష్ హోనావర్, ఆక్యులరిస్టు కుల్దీప్ రైజాదా బృందం 150 మందిపై ఓ పరిశోధన చేసింది. రోగులను మూడు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు మామూలు యాక్రిలిక్ బంతి పెట్టి, కండరాలను పాత పద్ధతిలో ఒకదానిపై ఒకటి కుట్టారు. రెండో జట్టుకూ అదే బంతి, కానీ కండరాలను పైపొర మడతల దగ్గర కుట్టారు. మూడో జట్టుకు సన్నని రంధ్రాలుండే ఖరీదైన పాలిథిలిన్ బంతి పెట్టారు. ఆరు వారాల తర్వాత వీడియో, ఫొటోలతో కదలికను కొలిచారు. ఎవరికి ఏ పద్ధతిలో ఆపరేషన్ జరిగిందో కొలిచే వ్యక్తికి తెలియనివ్వలేదు.

2010లో 'ఆఫ్తాల్మాలజీ' పత్రికలో ఫలితం వచ్చింది. రెండో జట్టు కృత్రిమ కళ్లు మొదటి జట్టు కంటే బాగా కదిలాయి. అంతేకాదు, ఖరీదైన బంతి పెట్టుకున్నవారితో సమానంగా నిలిచాయి! అంటే తేడా బంతి ధరలోనే లేదు, కుట్టే తీరులోనూ ఉంది. జీతం మీద బతికే కుటుంబానికి ఇంతకంటే కావల్సిందేముంది?

అడగండి... జాగ్రత్తపడండి

కన్ను తీయక తప్పదని డాక్టర్ చెబితే, ఏ ఇంప్లాంట్ పెడతారు, కండరాలను ఎలా కుడతారు, కదలిక ఎంత ఉండొచ్చు... ముందే అడగండి. కృత్రిమ కన్నును ఏడాదికోసారైనా ఆక్యులరిస్టుకు చూపించి పాలిష్ చేయించాలి. వదులైనా, ఒరుసుకున్నా ఆలస్యం చేయొద్దు.

అన్నిటికంటే ముఖ్యం, మిగిలిన కన్ను. దానికి పవరు అవసరం లేకపోయినా తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు పెట్టుకోవాలి. షిఫ్టులోనే కాదు, బండి మీద వెళ్లేటప్పుడూ!