పెరటి వనానికి పద్దు పుస్తకం

కేరళలోని ఇంటి పెరళ్లలో ఒకే నేలపై పలు పంటలు అంతస్తులుగా పెరుగుతాయి. పైన కొబ్బరి, దాని మానును పట్టుకొని ప్రాకే మిరియపు తీగ, నడుమ అరటి, కోకో, అడుగున అల్లం, పసుపు, కంద. చూపరులకు అడవివలె కనిపించే ఈ వనం వెనుక ఒక లెక్క ఉన్నది.

మొదటి లెక్క దూరానికి సంబంధించినది. కొబ్బరిని 7.5 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు సుమారు 175 చెట్లు పడతాయి. వాటి వేళ్లలో అధికభాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపలనే ఉంటాయి గనుక మిగిలిన నేల ఇతర పంటలకు దక్కుతుంది.

రెండవది కాలపు లెక్క. సుమారు 8 సంవత్సరాల వరకు తోటలో వెలుతురుకు కొదువ ఉండదు. పిదప 25వ ఏటి వరకు మట్టల నీడ దట్టంగా పరచుకొంటుంది. చెట్లు ఎత్తు పెరిగిన కొలదీ వెలుతురు మరల క్రిందికి దిగుతుంది. కోకో, మిరియం వంటి దీర్ఘకాలపు పంటలకు ఇది అనువైన దశ.

ఇంత సుదీర్ఘకాలపు వివరాలను జ్ఞాపకశక్తికి వదలివేయరాదు. తోట పటం గీసి, ప్రతి చెట్టుకు ఒక సంఖ్య ఇచ్చి, దాని రకం, నాటిన తేదీ, మొక్క తెచ్చిన చోటు, ఏటేటి దిగుబడి, సోకిన తెగుళ్లు పుస్తకంలో వ్రాయవలెను. కొన్నేళ్ల దిగుబడి లెక్క లేనిదే విత్తనపు కాయలకు తల్లిచెట్టును ఎన్నుకోలేము. ఎంపిక తప్పితే ఆ సంగతి బయటపడేసరికి ఏళ్లు గడచిపోతాయి. వర్షాకాలంలో మిరియపు తీగలు కుళ్లి చనిపోతే, తెగులు ఏ వైపునుండి ప్రాకినదో పటం మీది గుర్తులు తెలుపుతాయి.

పాఠశాల తోటలకు ఈ పద్ధతి మరింత అవసరం. విద్యార్థులు ఏటేటా మారుతారు. పుస్తకం ఉంటే వారు నేర్చినది తోటలోనే నిలుస్తుంది.