బడి అంటే భవనమేనా?

పిల్లలూ, స్కూలుకి తెలుగులో రెండు మాటలు ఎక్కువగా వింటారు: బడి, పాఠశాల. అర్థం ఒకటే గానీ వాడే చోటు వేరు.

పాఠశాల అంటే పాఠం చెప్పే శాల. ఆవులుండేది గోశాల, వంట చేసేది వంటశాల, అలాగే ఇదీ. ఇది సంస్కృతం మాట. బోర్డుల మీద, కాగితాల మీద కనిపిస్తుంది. మన ఊళ్ళలో ప్రభుత్వ స్కూలు గోడ మీద "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. కానీ ఆ గేటులోకి పరిగెత్తే పిల్లాడు "పాఠశాలకి వెళ్తున్నా" అనడు. "బడికెళ్తున్నా" అంటాడు. తెలంగాణలో అయితే "బడికి పోతున్నా" అంటాడు. (ఇప్పుడు అక్కడ కూడా చాలామంది "స్కూలు" అనే అంటున్నారు లెండి. అమ్మమ్మలు, తాతయ్యల నోట మాత్రం బడి ఇంకా ఉంది.)

ఈ మాటలో ఒక తమాషా ఉంది. "మా బడికి కొత్త రంగు వేశారు" అంటే భవనం. "రేపు బడి లేదు" అంటే భవనం ఎక్కడికీ పోలేదు, సెలవు అని! "బడి ఎగ్గొట్టాడు" అంటే ఏమీ పగలగొట్టలేదు, వెళ్ళకుండా ఎక్కడో ఆడుకున్నాడు. "బడి వదిలారు" అంటే చివరి గంట కొట్టారు, పిల్లలు ఇళ్ళకి బయల్దేరారు. అమ్మమ్మ ఫోన్‌లో "బడి వదిలారా నాన్నా?" అని అడిగితే అర్థంకాక ఫోన్ అమ్మకి ఇచ్చేయకండి. "ఆ, ఇప్పుడే వచ్చాను అమ్మమ్మా" అనండి. అప్పుడు ఆవిడ ఇంకో ప్రశ్న అడుగుతుంది, మీతోనే.

పూర్వం వీధి బడులు ఉండేవి. చాలావాటికి సొంత భవనమే లేదు. ఎవరింటి అరుగు మీదో పంతులుగారు కూర్చునేవారు, పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. అయినా దాన్ని బడి అనే అన్నారు. ఆ లెక్కన అపార్ట్‌మెంట్ హాల్లో, చెప్పులు బయట విడిచి కూర్చునే మన శనివారం క్లాసు కూడా బడే.

ఒక జాగ్రత్త. రాబడి, దిగుబడి, పెట్టుబడి అనే మాటల్లో ఉన్న "బడి" స్కూలు కాదు. రాబడి అంటే చేతికి వచ్చే డబ్బు, దిగుబడి అంటే పొలంలో వచ్చిన పంట. ఇంకోటి: బడికి బహువచనం బడులు, బళ్ళు. బండికి కూడా బళ్ళే! "జూన్‌లో బళ్ళు తెరుస్తారు", "రోడ్డు మీద బళ్ళు ఆగిపోయాయి": ఏది ఏదో మీరే చెప్పండి.

ఈ వారం పని: ఇంట్లో పెద్దవాళ్ళని "మీ బడి ఎలా ఉండేది? కింద కూర్చునేవారా, బల్లల మీదా?" అని అడగండి. విన్నది మూడు వాక్యాల్లో రాసుకురండి. ఒక వాక్యంలోనైనా బడి అంటే భవనం కాకూడదు.