మూడు మాత్రలు, ఒక గ్లాసు నీళ్లు

ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన, మలేరియా ఏడాది పొడవునా ఉండే పల్లెల్లో పెరిగిన అమ్మాయికి పెళ్లీడు వచ్చేసరికి ఆ జ్వరం ఎన్నోసార్లు వచ్చిపోయి ఉంటుంది. దాంతో ఒంట్లో కొంత రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. రక్తంలో పరాన్నజీవి చేరినా ఆమె మంచాన పడదు. అదే మనిషి తొలిచూలు కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఆ రక్షణ పనిచేయదు. ఎందుకని?

కారణం మాయలో (ప్లాసెంటాలో) ఉంది. ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో దూరి, ఆ కణం పైపొర మీదికి అతుక్కునే గుణమున్న ప్రొటీన్లను పంపుతుంది. అలా అతుక్కున్న కణాలు రక్తప్రవాహంలో కొట్టుకుపోవు, ప్లీహానికి చిక్కవు. మాయలో కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థం ఉంటుంది. వ్యాధి సోకిన కణాలు దాన్ని పట్టుకునే మాయలో తిష్ఠ వేస్తున్నాయని 1996లో మిఖాల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ కెన్యా తల్లుల మాయలను పరిశీలించి చూపించారు. ఈ పట్టుకు పనికొచ్చే ప్రొటీను పేరు వార్‌2సీఎస్‌ఏ. తొలిసారి గర్భం దాల్చిన స్త్రీ శరీరానికి ఇది కొత్త. దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు ఆమెలో ఇంకా తయారై ఉండవు. కాన్పు కాన్పుకూ అవి పెరుగుతాయి కాబట్టి తొలి కాన్పుకే ముప్పు ఎక్కువ.

ఈ మలేరియా చాలాసార్లు జ్వరం లేకుండానే ఉంటుంది. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కలో కనిపించకుండా మాయలో దాక్కోగలదు. ఈలోగా తల్లికి రక్తహీనత వస్తుంది, బిడ్డకు అందాల్సిన పోషణ తగ్గుతుంది. గర్భస్రావం కావచ్చు, మృతశిశువు పుట్టవచ్చు, బిడ్డ రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు.

పరీక్షకు దొరకని శత్రువు కాబట్టే, పరీక్షతో నిమిత్తం లేకుండా మందు ఇచ్చే పద్ధతి వచ్చింది. 1993లో మలావీ దీన్ని మొదట చేపట్టింది. మందు పేరు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్. మూడు మాత్రలు ఒకేసారి, ఆరోగ్య కార్యకర్త కళ్లెదుటే మింగాలి. నాలుగో నెల నుంచి కాన్పు దాకా, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నెల ఎడముండాలి. మొత్తం మూడు డోసులకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. రెండు డోసులు తీసుకున్నవారితో పోలిస్తే మూడు, అంతకు మించి తీసుకున్నవారిలో తక్కువ బరువు కాన్పుల ముప్పు సుమారు 20 శాతం తగ్గిందని 2013లో ఏడు క్లినికల్ ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. తూర్పు ఆఫ్రికాలో పరాన్నజీవి ఈ మందుకు బాగా అలవాటుపడిన చోట్ల కూడా బిడ్డ బరువు విషయంలో మేలు కనబడుతూనే ఉంది.

ఖరీదు తక్కువ, మోతాదు తేలిక. అయినా ఈ పద్ధతి అమలులో ఉన్న ఆఫ్రికా దేశాల్లో 2022లో మూడో డోసు అందినవారు 42 శాతమే. నలుగురు గర్భిణుల్లో ముగ్గురికి పైగా కనీసం ఒక్కసారైనా ఆరోగ్య కేంద్రానికి వస్తున్నారు. అంటే గుమ్మం దాకా వచ్చినవాళ్లకే మందు అందడం లేదన్నమాట.

అక్కడి ఇబ్బందులు చూడటానికి చిన్నవి. మాత్రల నిల్వ అయిపోతుంది. మాత్రలున్నా తాగడానికి శుభ్రమైన నీళ్లు, గ్లాసు ఉండవు. పరగడుపున ఇవ్వకూడదని, నెలలు నిండాక ఇవ్వకూడదని కొందరు నర్సులు అనుకుంటారు. నిజానికి పరగడుపున మింగవచ్చు, కాన్పు దాకా ఇవ్వవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక తొలిసారి వచ్చినామెకు మూడు డోసులు పూర్తిచేసే వ్యవధి చాలదు. కేంద్రం దూరమైతే, దారి ఖర్చు మోయలేకపోతే రెండో రాకే ఉండదు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. మొదటి మూడు నెలల్లో ఈ మందు ఇవ్వరు. హెచ్‌ఐవీ కారణంగా కోట్రిమాక్సజోల్ వాడుతున్నవారికి ఇవ్వకూడదు. రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది, 0.4 మిల్లీగ్రాములైతే ఫరవాలేదు.

ఇంటికే మందు తీసుకెళ్తే? కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్, మడగాస్కర్, మొజాంబిక్, నైజీరియాల్లో ఈ ప్రయత్నం జరిగింది. శిక్షణ పొందిన ఊరి ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి డోసు ఇస్తూనే, ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్ష చేయించుకోమని గర్భిణులను పంపారు. డోసులు అందినవారు పెరిగారు, కేంద్రాలకు వచ్చేవారు తగ్గలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మార్గానికి ఆమోదం తెలిపింది.

మన దేశంలో మలేరియా వ్యాప్తి అంత తీవ్రం కాదు కాబట్టి గర్భిణులందరికీ ఈ మాత్రలిచ్చే విధానం లేదు. మన్యంలోనైనా దోమతెర, జ్వరం రాగానే రక్తపరీక్ష, తేలితే వెంటనే చికిత్స, ఇవే ఆధారం. ఉద్యోగాల మీద ఆఫ్రికా వెళ్లే మన కుటుంబాల్లోని గర్భిణులకు అక్కడివారికున్న ఆ కాస్త రక్షణ కూడా ఉండదు. బయల్దేరే ముందే వైద్యుల సలహా తీసుకోవాలి.

పరిశోధన తన వంతు చాలావరకు చేసింది. మిగిలింది నిర్వహణ: మాత్రల నిల్వ తరగనివ్వకపోవడం, నర్సుకు నియమాలు స్పష్టంగా తెలియడం, నాలుగో నెలలోనే గర్భిణిని కలుసుకోవడం. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. అందుకే ఇంకా అందని ప్రతి మూడో డోసుకూ ఆరోగ్య వ్యవస్థే జవాబు చెప్పాలి; గర్భిణిని తప్పుపట్టడం న్యాయం కాదు.