జనం కొలిచిన వీరులు

ప్రతి జాతికీ తనవైన వీరగాథలు ఉంటాయి. ఆ గాథలలోని నాయకులు కొందరు చరిత్రలో జీవించినవారు, కొందరు కేవలం కల్పనలో పుట్టినవారు, మరికొందరు ఈ రెండింటి నడుమ నిలిచినవారు. తరతరాలుగా ఆ గాథలను పాడుకొనే ప్రజలు ఏ గుణాలను చూసి ఒక వ్యక్తిని నాయకునిగా అంగీకరించారన్నది ఆలోచింపదగిన ప్రశ్న. యుద్ధంలో గెలిచినవాడే వీరుడన్నది సామాన్య భావన. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో వినిపించే గాథలు ఈ భావనకు విరుద్ధంగా కనిపిస్తాయి. ఇక్కడి ప్రజలు గుండెల్లో నిలుపుకొన్న సమ్మక్క యుద్ధంలో ఓడిపోయింది. సర్వాయి పాపన్న కూడా ఓడిపోయాడు. వారిని ఓడించిన సేనానుల పేర్లు మాత్రం పల్లె పాటలలో వినిపించవు. ఓడిన వారిని జనం ఎందుకు తలకెత్తుకున్నారు?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికే ముందు పండితులు నాయకుణ్ణి ఎలా నిర్వచించారో తెలుసుకోవాలి. ఓరుగల్లును పాలించిన చివరి కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడనే ఆలంకారికుడు ఉండేవాడు. ఆయన సంస్కృతంలో ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. అందులో మొదటిది నాయక ప్రకరణం. ఉన్నతవంశంలో జన్మించడం, ఐశ్వర్యం, ఔదార్యం, తేజస్సు, ధార్మికత్వం మొదలైనవి నాయక గుణాలని ఆ ప్రకరణం చెబుతుంది. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని నాయకులను నాలుగు విధాలుగా విభజిస్తుంది. ఆ గ్రంథంలోని ఉదాహరణలకు ప్రతాపరుద్రుడే నాయకుడు. సభలో కూర్చున్న పండితునికి సింహాసనం మీద ఉన్న ప్రభువు ఆదర్శ నాయకునిగా కనిపించడం సహజమే.

అయితే ఓరుగల్లుకు ఈశాన్యంగా ఉన్న అడవులలో కోయలు చెప్పుకొనే కథలో అదే ప్రతాపరుద్రుడు వేరొక రూపంలో దర్శనమిస్తాడు. అక్కడ నాయకత్వం ఒక స్త్రీది.

సమ్మక్క గాథ కోయల మౌఖిక సంప్రదాయంలో బ్రతికింది. డోలు కొట్టి కథ చెప్పే డోలీలు తరతరాలుగా దానిని గానం చేస్తూ వచ్చారు. అటువంటి గాయకులలో ఒకరైన సకిని రామచంద్రయ్యకు భారత ప్రభుత్వం 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. నోటి నుండి నోటికి సాగిన కథ కనుక ఇందులో పాఠభేదాలు అనేకం. బహుళ ప్రచారంలో ఉన్న కథ ఈ విధంగా ఉంటుంది.

పొలవాస దొర మేడరాజు వేటకు వెళ్లినప్పుడు అడవిలో పులుల నడుమ ఆడుకొంటున్న ఒక పసిపాప కనిపించింది. కోయలు ఆమెను తెచ్చి పెంచుకొని సమ్మక్క అని పేరు పెట్టారు. మేడారాన్ని ఏలే పగిడిద్దరాజుతో ఆమెకు వివాహమైంది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి సంతానం. పగిడిద్దరాజు కాకతీయులకు కప్పం కట్టే సామంతుడు. వరుసగా కరవు వచ్చి అడవి బిడ్డలకు తిండి కరవైనప్పుడు కప్పం చెల్లించడం అసాధ్యమైంది. ప్రతాపరుద్రుడు దానిని ధిక్కారంగా భావించి సేనను పంపాడు. సంపెంగవాగు దగ్గర పోరు జరిగింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, సారలమ్మ భర్త గోవిందరాజు వీరమరణం పొందారు. ఓటమిని సహించలేని జంపన్న వాగులో దూకి ప్రాణాలు విడిచాడు. ఆనాటి నుండి అది జంపన్నవాగు అయింది. భర్తనూ బిడ్డలనూ కోల్పోయిన సమ్మక్క ఒంటరిగా నిలిచి శత్రుసేనను చీల్చి చెండాడింది. ఒక సైనికుడు వెనుక నుండి బల్లెంతో పొడిచాడు. ఆమె ఆ గాయంతోనే చిలకలగుట్ట వైపు నడిచి అదృశ్యమైంది. వెదుకుతూ వెళ్లిన కోయలకు ఒక చెట్టు క్రింద కుంకుమభరిణ మాత్రమే దొరికింది.

ఈ కథను శాసనాల వలె తేదీలతో సరిచూసే చరిత్రగా భావించరాదు. కాకతీయులు రామప్ప, పాకాల వంటి చెరువులతో వ్యవసాయాన్ని వృద్ధి చేసిన ప్రభువులుగా చరిత్రలో ప్రసిద్ధులు. చెరువుల క్రింద పంట పండే పల్లెకు ఆ ప్రభువు దాత. వాననే నమ్ముకొన్న అడవి గూడేనికి కరవు కాలంలో కప్పమడిగిన అదే ప్రభువు పీడకుడు. రాజ్యం ఒకటే అయినా దానిని చూసే చోటు మారినప్పుడు నాయకుడెవరన్న తీర్పు మారుతుంది. గాథలోని సత్యం ఈ దృష్టిలో ఉన్నది.

సమ్మక్కకు వంశగౌరవం లేదు. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డ ఆమె. కాబట్టి విద్యానాథుడు చెప్పిన మొదటి గుణమే ఆమెకు వర్తించదు. ఆమెను నాయకురాలిని చేసినవి వేరు. తన వారి ఆకలిని కప్పం కంటె పెద్దదిగా చూడడం మొదటిది. పోరు తప్పనప్పుడు ఇతరుల బిడ్డలను ముందుకు తోసి తన బిడ్డలను దాచుకోకపోవడం రెండవది. అందరూ నేలకొరిగిన తరువాత కూడా వెన్ను చూపకపోవడం మూడవది. ఆమెను వెనుక నుండి పొడిచారని కథ చెప్పడంలో ఒక అంతరార్థం ఉన్నది. ఎదురుగా నిలిచి ఆమెను గెలవడం ఎవరికీ సాధ్యం కాలేదని దాని భావం.

ఈ తీర్పును ప్రజలు రెండేండ్లకొకసారి మాఘమాసంలో నాలుగు రోజుల పాటు తిరిగి ప్రకటిస్తూ ఉంటారు. మేడారం 2016లో ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019 ఫిబ్రవరిలో ములుగు ప్రత్యేక జిల్లా అయినప్పుడు అందులో చేరింది. జాతర మొదటి రోజున కన్నెపల్లి నుండి సారలమ్మ, కొండాయి నుండి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. పగిడిద్దరాజును మహబూబాబాద్ జిల్లాలోని పూనుగొండ్ల నుండి పూజారులు అడవి దారిన కాలినడకన తీసుకొని వస్తారు. రెండవ రోజున చిలకలగుట్ట నుండి సమ్మక్క కుంకుమభరిణ రూపంలో తరలివస్తుంది. యుద్ధంలో చెల్లాచెదురైన కుటుంబం ఆ విధంగా మరల ఒకచోట కలుస్తుంది. నాల్గవ రోజున దేవతలు వనప్రవేశం చేస్తారు. గద్దెల మీద విగ్రహాలు ఉండవు. భక్తులు సమర్పించే బెల్లాన్నే బంగారమని పిలుస్తారు. పూజారులు కోయలే. ఈ జాతరను 1996లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా గుర్తించింది. సమ్మక్క చిలకలగుట్ట దిగి వచ్చే వేళ పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి అధికార లాంఛనాలతో స్వాగతం పలకడం ఆనవాయితీ. కప్పం కట్టలేదని ఒకనాటి రాజ్యం సేనను పంపినదన్న కథానాయికకు నేటి రాజ్యం వందనం చేస్తున్నది. ఇంతకు మించిన విజయం ఏ యుద్ధంలోనూ లభించదు.

సమ్మక్క గాథలో నాయకురాలి గుణాలు నిష్కళంకంగా కనిపిస్తాయి. అందరు జానపద వీరుల విషయంలోనూ తీర్పు ఇంత సులభం కాదు. దీనికి జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపురానికి చెందిన సర్వాయి పాపన్న కథ చక్కని నిదర్శనం. పాపన్న చరిత్రలో జీవించిన వ్యక్తి. కల్లుగీత కులంలో పుట్టినవాడు. 1707లో ఔరంగజేబు మరణించిన తరువాత దక్కనులో మొగలు అధికారం సడలిన కాలంలో ఆయన బలం పుంజుకొన్నది. షాపురంలో రాతికోట కట్టి, 1708లో ఓరుగల్లు మీద దాడి చేసి, ఆ తరువాత భువనగిరిపై కూడా విరుచుకుపడ్డాడు.

పాపన్నను గురించి రెండు కథనాలు ఉన్నాయి. మొగలుల పక్షాన చరిత్ర వ్రాసిన ఖాఫీఖాన్ ఆయనను దోపిడీదారునిగా చిత్రించాడు. సొంత అక్కచెల్లెళ్లలో ఒకరి సొమ్మును దోచి ఆ ధనంతోనే అనుచరులను కూడగట్టాడని ఆ కథనం. ఊరూరా తిరిగి పాడే కథాగాయకుల పాపన్న వేరు. ఆయన తల్లి సర్వమ్మ కులవృత్తి చేసుకొని బ్రతకమంటుంది. కొడుకు దానికి సమ్మతించడు. కల్లుముంతకు పుట్టినవాడు కోటకు అర్హుడు కాడన్న కట్టుబాటును అతడు లెక్కచేయడు. అతని వెంట నిలిచిన వారి పేర్లను గాయకులు వరుసగా చెబుతారు. అందులో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది కులాలవారు ఉన్నారు. దూదేకులవారు, ముస్లిములు కూడా ఉన్నారు. ఊరిలో చివర కూర్చోబెట్టిన వారందరికీ అక్కడ పేరున్నది, చోటున్నది. పాపన్న నాయకత్వానికి ఇదే బలమైన ఆధారం.

అయినా ఆయన జీవితంలోని మరొక పార్శ్వాన్ని కప్పిపుచ్చడం సత్యానికి అపచారం. ఓరుగల్లు దాడిలో పాపన్న సేన సంపదను దోచుకోవడమే గాక పట్టణవాసులను, స్త్రీలను, పిల్లలను చెరపట్టింది. 1709లో మొగలు చక్రవర్తి బహదూర్ షా హైదరాబాదుకు వచ్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయలు కానుకగా ఇచ్చి గౌరవవస్త్రాన్ని పొందాడు. కల్లుగీత కార్మికుని కొడుకు చక్రవర్తి ఎదుట సన్మానం అందుకోవడం ఆ కాలానికి అపూర్వమైన సంఘటన. కాని చెరలో తమ వారిని పోగొట్టుకొన్న ఓరుగల్లు కుటుంబాల వారు మొరపెట్టుకోగా చక్రవర్తి మనసు మార్చుకొని సేనను పంపాడు. చివరికి షాపురం కోట లోపలి నుండే పగిలింది. పాపన్న బయట ఉన్న సమయంలో కోటలోని బందీలు సంకెళ్లు తెంచుకొని కోటను స్వాధీనం చేసుకొన్నారు. ఆయన తిరిగి వచ్చేసరికి ఆయన ఫిరంగులే ఆయన మీద ప్రేలాయి. 1710లో ఆయన పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. శత్రువుకు చిక్కక తన కత్తికి తానే బలి అయ్యాడని కథాగాయకులు పాడుతారు.

పాపన్నను పైకి లేపినది ఆయన చోటిచ్చిన జనం. ఆయనను కూల్చినది ఆయన చెరపట్టిన జనం. నాయకత్వానికి సంబంధించి ఈ కథ చెప్పే పాఠం ఇది. బలహీనులకు అండగా లేచినవాడు తాను బలవంతుడైన తరువాత, తన చేతికి చిక్కిన నిస్సహాయుల పట్ల ఎలా ప్రవర్తించాడన్నది నాయకునికి అసలైన పరీక్ష. ఆ పరీక్షలో పాపన్న సంపూర్ణంగా నెగ్గలేదు. అయినా ప్రజలు ఆయనను మరువలేదు. అందని ఎత్తుకు తమలో ఒకడు ఎక్కగలడన్న ఆశను ఆయన వారికి ఇచ్చాడు. జానపదం ఆ ఆశను దాచుకొన్నది.

ఇటువంటి వీరులు ప్రపంచమంతటా కనిపిస్తారు. ధనికులను దోచి పేదలకు పంచినవానిగా ఇంగ్లాండు జానపద గాథలలో రాబిన్‌హుడ్ ప్రసిద్ధుడు. ఎరిక్ హాబ్స్‌బామ్ అనే చరిత్రకారుడు 1969లో ప్రచురించిన గ్రంథంలో ఈ కోవకు చెందినవారిని సామాజిక బందిపోట్లుగా పేర్కొన్నాడు. పాలకులు నేరస్థులుగా ప్రకటించిన వారిని పేదలు తమ వారుగా భావించడం వారి ప్రత్యేకత.

గాథలలో ఏర్పడిన ఈ కొలమానం గాథలతో ఆగిపోలేదు. పాపన్న తిరుగాడిన నేల మీదనే, జనగామ జిల్లా పాలకుర్తిలో, 1940వ దశకంలో చాకలి ఐలమ్మ అనే కౌలురైతు తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు అప్పగించడానికి నిరాకరించింది. సంఘం కార్యకర్తలు అండగా నిలువగా పంటను ఇంటికి చేర్చుకొన్నది. అదే జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకి గుండుకు బలయ్యాడు. వీరికి సింహాసనాలు లేవు, సేనలు లేవు. పండించిన గింజ పండించినవారికే చెందాలన్న న్యాయం మాత్రమే ఉన్నది. కప్పం కట్టలేమన్న సమ్మక్క మాటకు, ధాన్యం ఇవ్వనన్న ఐలమ్మ మాటకు నడుమ శతాబ్దాల దూరం ఉన్నా అర్థం ఒకటే. అందువల్లనే ప్రజలు ఐలమ్మను కూడా పాటగా మలచుకొన్నారు.

గాథలలోని నాయకుని యోగ్యతను నిర్ణయించడానికి ఇక్కడి ప్రజలు అడిగిన ప్రశ్నలు మూడు. ఎవరి కష్టాన్ని తన కష్టంగా భావించాడు? ఆపద వచ్చినప్పుడు ఎక్కడ నిలిచాడు? చేతికి బలం వచ్చిన తరువాత దానిని ఎవరి మీద ప్రయోగించాడు? గెలిచాడా, ఓడాడా అన్న ప్రశ్న ఈ వరుసలో లేదు. పురాణంలోని రాజును గాని, చలనచిత్రంలోని కథానాయకుణ్ణి గాని, సమకాలీన సమాజంలో ఓటు కోరి వచ్చే నాయకుణ్ణి గాని ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షింపవచ్చు. పద్దెనిమిదేండ్లు నిండగానే ఓటుహక్కు పొందే యువతీయువకులకు ఈ పరీక్ష తెలిసి ఉండడం అవసరం. ఆర్భాటానికి, జయధ్వానాలకు లొంగక నాయకుని గుణాన్ని తూచగల శక్తి వారికి ఉన్నప్పుడే, అడవిలో దొరికిన ఒక భరిణను వందల ఏండ్లుగా గద్దె మీద నిలుపుకొన్న వారి వివేకం సార్థకమవుతుంది.