కాల్షియము: మేలును, మితమును

అమితమైనచో అమృతమును విషమగునని పెద్దలందురు. ఎముకలకును, దంతములకును బలమొసగు కాల్షియమునకు, అనగా సున్నములోని ధాతువునకు, ఈ మాట తగియున్నది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల వంటయిండ్లలో నీ ధాతువునకు లోటులేదు. నూఱు గ్రాముల తైదలలో 364 మిల్లీగ్రాములును, అరలీటరు గేదెపాలలో సుమారు 600 మిల్లీగ్రాములును కాల్షియము కలదు. నువ్వులలో నింకను హెచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కనుబట్టి స్త్రీకి దినమునకు 1,000 మిల్లీగ్రాములు చాలును. బాలింతకును, ముట్లుడిగినవారికిని 1,200 కావలెను. 2,500 మీఱరాదు.

కేవలము భోజనమువలన నీ హద్దు దాటుట యరుదు. చిక్కెల్ల మాత్రలతోడనే. పైనజెప్పిన తైదలు, పాలు పుచ్చుకొను స్త్రీ 500 మిల్లీగ్రాముల కాల్షియముగల మాత్రలు రెండు మ్రింగినను 2,000 లోపలనే యుండును. వైద్యుడు చెప్పకయే మోకాళ్లనొప్పికని మఱియొకటి చేర్చెనేని హద్దును సమీపించినట్లే. వారమున కొకటిగా నిచ్చు 60,000 యూనిట్ల విటమిను డి పొట్లమును దినదినము త్రాగుట మఱింత ప్రమాదము. అది ప్రేగులనుండి కాల్షియమును రక్తములోనికి మిక్కిలిగా లాగును.

రక్తమున కాల్షియము హెచ్చినచో మలబద్ధకము, వికారము, దప్పిక, అతిమూత్రము, మగత కలుగును. ముదిరినచో మూత్రపిండములు చెడును. అమెరికాలో 1915లో సిప్పీ యను వైద్యుడు కడుపులోని పుండ్లకు గంటగంటకు పాలను, క్షారచూర్ణములను ఇచ్చు చికిత్స నేర్పెను. 1923 నాటికే దానివలన కొందఱు విషలక్షణములకు లోనగుట వైద్యులు గుర్తించిరి. తాంబూలపు సున్నమును కాల్షియముగల క్షారమే. తైవానులో సున్నముతోడి పోకలను మితిమీఱి నమలినవారియందును ఇట్టి వ్యాధియే కనబడినది. కావున దినమెల్ల తాంబూలము వేయు ముదుసలి, మాత్రలు కూడ మ్రింగుచున్నచో నా సంగతి వైద్యునకు దప్పక చెప్పవలెను.

మూత్రపిండములలో ఱాళ్లు పుట్టునని భయపడి కొందఱు పాలు, పెరుగు మానుదురు. అది పొరపాటు. ఆహారములోని కాల్షియము ప్రేగులలోనే ఆగ్జాలికామ్లమును పట్టి వెలుపలికి పంపి ఱాళ్లను తగ్గించును. మాత్రల సంగతి వేఱు. అమెరికాలో ముప్పదియాఱువేలకు పైగా స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడెను. కాల్షియమును, విటమిను డియు మ్రింగినవారిలో ఱాళ్లు నూటికి 17 వంతులు హెచ్చుగా బుట్టెను.

ఇది చదివి గర్భిణులు మాత్రలు మానరాదు. 2014 నాటి ప్రభుత్వ మార్గదర్శకములు 14వ వారము మొదలు ప్రసవానంతరము ఆఱు నెలలవఱకు దినమునకు రెండు మాత్రలు, అనగా 1,000 మిల్లీగ్రాముల కాల్షియము, తీసికొమ్మనుచున్నవి. గర్భిణులకు వచ్చు రక్తపుపోటు వాతమును తగ్గించుటయే యందలి ముఖ్యోద్దేశము. భోజనముతో నొక్కొక్కటిగా మ్రింగవలెను. ఇనుపమాత్రతో కలిపి మ్రింగరాదు. కలిపినచో ఇనుము సరిగా నొంటబట్టదు. రెంటికిని రెండుగంటలైనను ఎడముండవలెను. థైరాయిడు మాత్రకు నాలుగుగంటల యెడము కావలెను.

గడువు తీఱినపిదప మిగిలిన డబ్బాను అత్తగారికో, అక్కగారికో యిచ్చుట మేలుగాదు. మాత్రల చీటీలను, పొట్లములను అన్నిటిని వైద్యునకు జూపి, పాలు, తాంబూలముల లెక్కయు చెప్పి, పిదపనే క్రొత్తమాత్ర మొదలిడుడు. ఇల్లాలు బియ్యము కొలిచి యెసట పోయునట్లే మందును కొలిచి వాడవలెను.