బాండు పేపర్ ఉంటేనే ఒప్పందం చెల్లుతుందా?

ఈరోజు ఎపిసోడ్‌లో ఒప్పందాల గురించి మాట్లాడుకుందాం. "కోర్టులు, లాయర్లు, మనకెందుకులే" అని స్క్రోల్ చేసేయకండి. ముందు రెండు సిట్యుయేషన్లు చెప్తాను, వినండి.

మొదటిది. మీ ఫ్రెండ్ చేబదులుగా 40 వేలు అడిగాడు. మీరు యూపీఐలో పంపించారు. "జూన్ జీతం పడగానే ఇచ్చేస్తా రా" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. జూన్ పోయింది, దసరా కూడా పోయింది. గట్టిగా అడిగితే "నీకు నోటు ఏమైనా రాసిచ్చానా?" అన్నాడు. మీరు కూడా "నిజమే, కాగితం లేదు కదా" అని ఊరుకున్నారు.

రెండోది. కొత్త ఉద్యోగం వచ్చింది. జాయినింగ్ రోజున స్టాంపు పేపర్ మీద సంతకం తీసుకున్నారు. రెండేళ్లలోపు మానేస్తే 3 లక్షలు కట్టాలి. ఏడాదికి మానేద్దామంటే "బాండు మీద సంతకం పెట్టావు, మొత్తం కట్టాల్సిందే" అన్నారు. మీరు భయపడి ఆగిపోయారు.

ఒక చోట కాగితం లేదని డబ్బు వదిలేసుకున్నాం. ఇంకో చోట కాగితం ఉందని భయపడిపోయాం. రెండు చోట్లా మనం నమ్మింది ఒకటే, బలమంతా కాగితంలోనే ఉందని. చట్టం మాత్రం అలా చూడదు. చట్టానికి ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒప్పందం చెల్లుతుందా అనేది ఒకటి. దాన్ని నిరూపించగలమా అనేది రెండోది. కాగితం ఎక్కువగా పనికొచ్చేది ఈ రెండో ప్రశ్నకే. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా ఈజీ.

మన దేశంలో దీనికి మూల చట్టం భారత కాంట్రాక్టు చట్టం, 1872. అదే సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 10ని మన కోడింగ్ భాషలో చెప్పాలంటే పెద్ద ఇఫ్ కండిషన్ లాంటిది. అన్ని చెక్‌లూ పాస్ అయితేనే ఒప్పందం కాంట్రాక్టు అవుతుంది. ఆ చెక్‌లు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి చెక్: ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి. మీ పాత బైక్ 45 వేలకు ఇస్తానన్నారు. అవతలివాడు "సరే, తీసుకుంటా" అన్నాడు. ఒప్పందం కుదిరింది. అలా కాకుండా "40కి ఇస్తావా?" అని బేరమాడితే అది ఒప్పుకున్నట్టు కాదు, అతని వైపు నుంచి కొత్త ఆఫర్ అన్నమాట. ఇప్పుడు సరే అనాల్సింది మీరు. మీరు కాదన్నాక, అతను మళ్లీ వచ్చి "సరేలే, 45కే ఇవ్వు" అన్నా మీరు ఇచ్చి తీరాలని లేదు. పాత ఆఫర్ అప్పుడే పోయింది.

ఈ "సరే" అనేది నోటితో చెప్పొచ్చు, మెసేజ్‌లో పెట్టొచ్చు, ఈమెయిల్‌లో రాయొచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో కాంట్రాక్టు చెల్లదని అనకూడదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెప్తుంది. 2010లో ట్రైమెక్స్, వేదాంత కంపెనీల కేసులో సుప్రీంకోర్టు కూడా ఈమెయిల్స్‌లో కుదిరిన ఒప్పందాన్ని చెల్లుతుందనే అంది. వాళ్లు పెద్ద అగ్రిమెంట్ పత్రం మీద సంతకాలు ఇంకా చేయలేదు. అయినా ముఖ్యమైన విషయాలన్నీ మెయిల్స్‌లో తేలిపోయాయి కాబట్టి అది కాంట్రాక్టే అయింది. సో, యాప్‌లో "ఐ అగ్రీ" నొక్కేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

రెండో చెక్: ఇద్దరికీ అది చట్టపరమైన ఒప్పందం అనే ఉద్దేశం ఉండాలి. "సండే సినిమాకి తీసుకెళ్తా" అని ఫ్రెండ్ మాటిచ్చి రాకపోతే కోర్టుకు వెళ్లలేం. 1919లో ఇంగ్లండ్‌లో బాల్ఫోర్ కేసు ఇలాంటిదే. సిలోన్‌లో ఉద్యోగం చేసే భర్త, ఆరోగ్యం బాగోక ఇంగ్లండ్‌లో ఉండిపోయిన భార్యకి నెలకు 30 పౌండ్లు పంపిస్తానన్నాడు. తర్వాత పంపలేదు. కలిసుండే రోజుల్లో భార్యాభర్తలు మామూలుగా చెప్పుకునే ఇలాంటి మాట కాంట్రాక్టు కాదని కోర్టు తేల్చింది. అదే వ్యాపారంలో ఇచ్చిన మాటైతే లెక్క వేరుగా ఉంటుంది.

మూడో చెక్: ప్రతిఫలం. ఇది కొంచెం బరువైన పదం గానీ, విషయం సింపుల్. నేను ఒకటి ఇస్తే మీరు ఇంకొకటి ఇవ్వాలి. "నీ పుట్టినరోజుకి ఫోన్ కొనిస్తా" అన్న బావ కొనివ్వకపోతే కేసు వేయలేరు, ఎందుకంటే బదులుగా మీరు ఇచ్చేదేమీ లేదు. ప్రతిఫలం సమానంగా ఉండాలని మాత్రం రూల్ లేదు. ఇష్టపూర్వకంగా లక్ష రూపాయల వస్తువు 20 వేలకు అమ్ముకున్నా, ధర తక్కువైందన్న ఒక్క కారణంతో అది రద్దు కాదు. ఇక చేబదులు సంగతంటారా, మీరు డబ్బు ఇచ్చారు, అతను తిరిగిస్తానన్నాడు. ఈ చెక్ పాసైపోయింది.

నాలుగో చెక్: ఒప్పుకునేవాళ్లకి అర్హత ఉండాలి. అంటే 18 ఏళ్లు నిండాలి, తాను ఏం ఒప్పుకుంటున్నాడో అర్థం చేసుకునే స్థితిలో ఉండాలి. స్పృహ లేనంతగా తాగి ఉన్నవాడితో సంతకం పెట్టించుకుంటే అది నిలబడదు. మైనర్ల విషయంలో 1903 నాటి మొహొరీ బీబీ కేసు ఇప్పటికీ దారి చూపిస్తుంది. కలకత్తాలో ఒక మైనర్ కుర్రాడు తన ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. 20,000 రూపాయలకు పత్రం రాశారు, సంతకం ఉంది, అన్నీ ఉన్నాయి. అయినా మైనర్ చేసిన ఒప్పందం మొదటి నుంచే చెల్లదని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. కాగితం ఎంత పక్కాగా ఉన్నా ఒక చెక్ ఫెయిలైతే ఏమవుతుందో చూడండి.

ఐదో చెక్: మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. బెదిరించి, మోసం చేసి, అబద్ధం చెప్పి, లేదా మన మీద ఉన్న పలుకుబడిని తప్పుగా వాడుకుని తీసుకున్న సంతకం స్వేచ్ఛగా ఒప్పుకున్నట్టు కాదు. దీని మీద మద్రాసు హైకోర్టులో వందేళ్లు దాటిన ఫేమస్ కేసు ఉంది, చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ. భర్త తాను చచ్చిపోతానని బెదిరించి, భార్యతో, కొడుకుతో ఆస్తి మీద హక్కు వదులుకుంటున్నట్టు తన అన్నదమ్ముడి పేరున పత్రం రాయించాడు. మెడ మీద కత్తి పెట్టలేదు కదా అని వాదించారు. కానీ "చచ్చిపోతా" అని బెదిరించడం కూడా బలవంతమే అని మెజారిటీ జడ్జిలు చెప్పారు. ఇంట్లో ఎమోషనల్‌గా ఒత్తిడి పెట్టి సంతకాలు తీసుకునేవాళ్లు ఇది వినాలి.

ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది. మైనర్ ఒప్పందం మొదటి నుంచే చెల్లదు. బెదిరించి రాయించుకున్న ఒప్పందం మాత్రం బాధితుడు వద్దనుకుంటే రద్దు చేయించుకోవచ్చు. అంటే మనం నోరు విప్పాలి. ఇంకో మాట, "చదవకుండా సంతకం పెట్టాను" అనేది మామూలుగా సాకుగా పనికిరాదు.

ఆరో చెక్: పని చట్టబద్ధమై ఉండాలి. క్రికెట్ మీద పందెం కాసి గెలిచారు, అవతలివాడు డబ్బు ఇవ్వలేదు. సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన డబ్బు కోసం దావా వేయడం కుదరదు. కట్నం ఇస్తామని రాసుకున్న కాగితం కూడా అంతే, 1961 కట్న నిషేధ చట్టం ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. గవర్నమెంట్ ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు తీసుకునే బ్రోకర్లు ఉంటారు కదా, దాని గురించి 1872 చట్టంలోనే ఉదాహరణ ఉంది. ఒకతను ప్రభుత్వ ఉద్యోగం ఇప్పిస్తానంటాడు, ఇంకొకతను వెయ్యి రూపాయలు ఇస్తానంటాడు. ఆ ఒప్పందం చెల్లదని సెక్షన్ 23లో రాసి పెట్టారు. అలాంటి బ్రోకర్ "బాండు రాసిస్తాను, భయం లేదు" అన్నా ఆ బాండు మిమ్మల్ని కాపాడదు.

మరి స్టాంపు పేపర్ ఎందుకు? అది ప్రభుత్వానికి కట్టే సుంకం. చాలా పత్రాలకు స్టాంపు తగ్గితే, ఆ సుంకం, పెనాల్టీ కట్టేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. అంత మాత్రాన ఒప్పందం రద్దయినట్టు కాదు. ప్రోనోటు సంగతి మాత్రం వేరు. దాని మీద రెవెన్యూ స్టాంపు లేకపోతే తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకునే దారి లేదు. అందుకే మన పెద్దవాళ్లు నోటు రాసేటప్పుడు స్టాంపు అతికించి దాని మీదుగా సంతకం పెట్టించేవాళ్లు. అలాగే కొన్నింటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థలం, ఇల్లు లాంటి స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ అవ్వాల్సిందే, నోటి మాట సరిపోదు. ఏడాదికి మించిన లీజు కూడా అంతే. అద్దె ఇళ్లకి 11 నెలల అగ్రిమెంట్ రాసేది అందుకే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండు సిట్యుయేషన్లకి వద్దాం.

చేబదులు: అడిగాడు, ఇచ్చారు, తిరిగిస్తానన్నాడు. చెక్‌లన్నీ పాస్. నోటు లేకపోయినా అది చెల్లే ఒప్పందమే. మిగిలింది నిరూపించడం. మీ దగ్గర యూపీఐ ఎంట్రీ ఉంది. అది డబ్బు వెళ్లిందని చెప్తుంది గానీ, అప్పా, గిఫ్టా అనేది చెప్పదు. అది చెప్పేది ఆ వాట్సాప్ మెసేజే. కాబట్టి చాట్ డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ మర్చిపోవద్దు. కోర్టులో చాట్ పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కూడా జత చేయాలి, అది లాయర్ చూసుకుంటారు. ఇంకోటి, టైమ్ లిమిట్. ఇలాంటి అప్పుకి సాధారణంగా 3 ఏళ్లలోపు దావా వేయాలి. మొహమాటంతో నాలుగేళ్లు ఆగితే హక్కున్నా దావా నిలబడటం కష్టం.

ఇకపై ఎవరికైనా ఇచ్చేముందు వాళ్ల చేత ఒక్క మెసేజ్ పెట్టించుకోండి: "ఈ రోజు నీ దగ్గర 40,000 రూపాయలు అప్పుగా తీసుకుంటున్నాను, ఫలానా తేదీకి తిరిగిస్తాను." అప్పుగా అన్న ముక్క, మొత్తం, తేదీ ఉంటే చాలు. అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ తర్వాత స్నేహం, డబ్బు రెండూ పోవడం కంటే ఇది నయం.

ఉద్యోగం బాండు: స్టాంపు పేపర్ మీద ఉంది కాబట్టి 3 లక్షలు ఆటోమేటిక్‌గా కట్టేయాలి అనేది తప్పు. అలాగని బాండ్లేవీ చెల్లవు అనుకోవడమూ తప్పే. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రభుత్వ బ్యాంకు కొత్తవాళ్లని తీసుకోవాలంటే పెద్ద ప్రాసెస్ ఉంటుంది, ఆ ఉద్యోగి హోదాకి, జీతానికి ఆ మొత్తం మరీ ఎక్కువ కాదు అని చూసింది. ఇంకో వైపు సెక్షన్ 74 ఉంది. కాగితంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది దానికి లోబడి సమంజసమైన పరిహారం. మీకు నిజంగా ట్రైనింగ్ ఇచ్చారా, ఎంత ఖర్చు పెట్టారు, మీ జీతానికి ఆ మొత్తం తగినట్టుందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇక "ఇక్కడ మానేశాక ఇదే ఫీల్డులో ఇంకెక్కడా చేరకూడదు" అనే షరతు రాస్తే, అది సెక్షన్ 27 ముందు సాధారణంగా నిలబడదు.

కాబట్టి భయపెడితే వెంటనే డబ్బు కట్టేయకండి, "ఏం చేస్తారులే" అని పారిపోకండి కూడా. ఆ బాండు కాపీ తీసుకుని ఒక లాయర్‌కి చూపించండి. కాపీ ఇవ్వం అంటే సంతకానికి ముందే ఫొటో తీసుకునే హక్కు కోసం అడగండి. అసలు చదవడానికి టైమ్ ఇవ్వనివాళ్ల కాగితం మీద సంతకం పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

ఎవరైనా "కాగితం ఉందా?" అంటే తడబడకండి, "కాగితం ఉంది" అంటే హడలిపోకండి. ఈ ఆరు చెక్‌లు వేసుకుని చూడండి, ఆ తర్వాత చేతిలో ఏం ఆధారం ఉందో చూసుకోండి. ఈరోజుకి ఇంతే అండీ. ఇంకో టాపిక్‌తో మళ్లీ కలుద్దాం, ఉంటాను.